ముప్పై అయిదో తూటాకే పాస్ కావచ్చు

(డాలస్ - ఫోర్ట్‌వర్త్ ప్రాంతపు తెలుగువాళ్ల ఆదివారం సమావేశంలో, షూటింగ్ ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేస్తున్న ఒక తెలుగు మహిళ చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చలేదు. చివర్లో సభికులు అడిగిన ప్రశ్నలు కొన్ని చేర్చాం.)

వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? మైక్ కాస్త గోల చేస్తోంది. పరవాలేదు, చెవులకి మఫ్స్ పెట్టుకున్నవాళ్లకి కూడా వినపడేలా అరవడం నాకు రోజూ ఉన్న పనే.

తుపాకీ కొనుక్కోండి అని చెప్పడానికి నేను రాలేదు. కొనొద్దని చెప్పడానికీ రాలేదు. అది ఎవరింట్లో వాళ్లు కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతి. కమిటీవాళ్లు ఫోన్ చేసి, "అక్కా, లైసెన్స్ టు క్యారీ క్లాస్ మనవాళ్లు ఆన్‌లైన్‌లో పూర్తిచేసేస్తున్నారు, షూటింగ్ టెస్ట్ అనేసరికి ఆగిపోతున్నారు, దాని గురించి చెప్పండి" అన్నారు. అందుకని ఈ ఎల్‌టీసీ, అంటే తుపాకీ వెంట పెట్టుకుని తిరగడానికి ఇచ్చే ఆ లైసెన్స్, దాని షూటింగ్ పరీక్ష గురించి ఒక్కటే మాట్లాడతాను. అదీ టెక్సాస్ పరీక్ష.

దానికంటే ముందు వీసా సంగతి తేల్చేద్దాం. ఈ హాల్లో హెచ్1బీ, హెచ్4, ఎల్1, ఎఫ్1 మీద ఉన్నవాళ్లు చాలామందే ఉంటారు. వలసేతర వీసా మీద అమెరికాలోకి వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. కొనడం ఒక్కటే తప్పు అనుకోకండి. రేంజ్‌లో, అంటే కాల్చడం సాధన చేసే చోట, అద్దెకిచ్చే పిస్టల్ చేతిలోకి తీసుకోవడం కూడా దాని కిందికే వస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్ ఉంటే ఒక మినహాయింపు ఉంది, నిజమే. కానీ వాట్సాప్ గ్రూప్‌లో ఎవరో పెట్టారని దాన్ని నమ్ముకుని రేంజ్‌కి రాకండి. గ్రీన్‌కార్డ్ ఫైల్ నడుస్తుండగా ఫెడరల్ కేసు మీదపడితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి, ఆ తర్వాతే నా దగ్గరికి రండి. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లకీ సిటిజన్లకీ ఈ అడ్డు లేదు. సైన్యంలో పనిచేసినవాళ్ల సంగతి వదిలేస్తే, 21 ఏళ్లు నిండాలని చట్టంలో రాసి ఉంది, అయితే 18 నుంచి 20 ఏళ్లవాళ్ల మీద ఆ అడ్డు చెల్లదని 2022లో ఒక ఫెడరల్ కోర్టు అంది.

టెక్సాస్ అంటే మొదటినుంచీ నడుముకి రివాల్వర్ కట్టుకుని తిరిగిన రాష్ట్రం అనుకుంటాం. కౌబాయ్ సినిమాల పుణ్యం. అసలు సంగతి వేరు. 1871లోనే ఇక్కడ ఒంటిమీద పిస్టల్ పెట్టుకుని తిరగడాన్ని నిషేధిస్తూ చట్టం చేశారు. ఏవో కొన్ని మినహాయింపులతో ఆ నిషేధం నూరేళ్లు దాటి సాగింది. 1991 అక్టోబర్ 16న కిలీన్‌లో లూబీస్ అనే కేఫటీరియాలోకి ఒకడు ట్రక్కు గుద్దుకుంటూ వచ్చి 23 మందిని కాల్చి చంపాడు. ఆ రోజు తల్లితోనూ తండ్రితోనూ భోజనానికి వచ్చిన సుజానా గ్రాషియా తన రివాల్వర్‌ని కారులోనే వదిలి లోపలికి వచ్చింది, వెంట తీసుకెళ్తే చట్టం ఒప్పుకోదని. అమ్మానాన్నలిద్దరూ ఆ కాల్పుల్లోనే పోయారు. తర్వాత ఆమె ఊరూరా, సభ సభకీ వెళ్లి ఇదే చెప్పింది. 1993లో గవర్నర్ ఆన్ రిచర్డ్స్ దీని మీద వచ్చిన బిల్లుని వీటో చేశారు. 1995లో జార్జ్ బుష్ గవర్నర్‌గా సంతకం పెట్టారు, 1996 జనవరి 1 నుంచి లైసెన్సులు మొదలయ్యాయి. ఈ షూటింగ్ పరీక్ష అప్పుడు పుట్టింది. ఆమె చెప్పినదానితో మీరు ఏకీభవించినా, లేకపోయినా, ఈ కాగితం వెనక ఉన్న కథ ఇది.

అప్పట్లో క్లాస్ కనీసం 10 గంటలు. 2013లో దాన్ని 4 నుంచి 6 గంటలకి తగ్గించారు. రెన్యువల్‌కి మళ్లీ కాల్చి చూపించాల్సిన అవసరాన్ని కూడా అప్పుడే తీసేశారు. 2017లో ఫీజు 140 డాలర్ల నుంచి 40కి దిగింది. 2021 సెప్టెంబర్ 1 నుంచి అయితే లైసెన్సే లేకుండా, అర్హత ఉన్న 21 ఏళ్లు నిండినవాళ్లు తుపాకీ వెంట పెట్టుకోవచ్చు.

"మరి లైసెన్స్ ఎందుకు మేడం?" అని ఇప్పుడు మీ అందరి మొహాల్లో కనిపిస్తోంది. మూడు కారణాలకి ప్రజలు ఇంకా వస్తున్నారు. టెక్సాస్ లైసెన్స్‌ని ముప్పైకి పైగా రాష్ట్రాలు ఒప్పుకుంటాయి, ఒక్లహోమా దాటి కారులో వెళ్లేవాళ్లకి అది పనికొస్తుంది. స్కూల్‌కి వెయ్యి అడుగుల లోపల తుపాకీతో ఉండకూడదనే ఫెడరల్ నిబంధన నుంచి రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ మినహాయింపు ఇస్తుంది. ఫ్రిస్కోలో, ప్లేనోలో ఏ స్కూల్‌కీ వెయ్యి అడుగుల లోపలికి రాకుండా ఎక్కడికైనా కారు తోలి చూపించండి! [నవ్వులు] మూడోది, చాలామంది పైకి చెప్పనిది: ఎవరో ఒకరు పక్కన నిలబడి ఒక్కసారైనా మనం సరిగ్గా పట్టుకున్నామో లేదో చూడాలని లోపల ఉంటుంది. నా లెక్కలో అదే అసలు కారణం.

ఇక పరీక్ష. 50 తూటాలు. బి-27 అని నల్లటి మనిషి ఆకారం ఉన్న కాగితం టార్గెట్. 3 గజాల నుంచి 20, 7 గజాల నుంచి 20, 15 గజాల నుంచి 10. గజాలంటే మనకి కొత్త కాదు కదా, ప్లాట్లు కొన్న ప్రతివాడికీ గజమంటే ఎంతో తెలుసు.

మూడు గజాల దగ్గర మొదట ఒక్కో తూటాకి 2 సెకన్లు చొప్పున అయిదుసార్లు. తర్వాత 3 సెకన్లలో రెండేసి, అలా అయిదుసార్లు. ఆపైన 10 సెకన్లలో అయిదు. ఏడు గజాలకి వెళ్లాక 10 సెకన్లలో అయిదు, 4 సెకన్లలో రెండు, 6 సెకన్లలో మూడు, ఒక్కోటి 3 సెకన్లలో అయిదు, చివరికి 15 సెకన్లలో అయిదు. పదిహేను గజాల దగ్గర 6 సెకన్లలో రెండు, 9 సెకన్లలో మూడు, 15 సెకన్లలో అయిదు. ఇవేవీ బట్టీపట్టక్కర్లేదు. ప్రతి దఫాకీ ముందు ఇన్‌స్ట్రక్టర్ ఏం చెయ్యాలో చెబుతాడు. మీరు వినాలి, అంతే. కానీ "వినాలి, అంతే" అన్న చోటే చాలామంది పడతారు, దాని సంగతి తర్వాత చెబుతాను.

మార్కులు ఎలా వేస్తారో చూడండి. నల్ల ఆకారం మీద వలయాలు ఉంటాయి. 8వ వలయం, దాని లోపల ఎక్కడ తగిలినా 5 మార్కులు. 7వ వలయంలో తగిలితే 4. దాని బయట, కానీ నల్లటి భాగం మీదే తగిలితే 3. కాగితం తెల్లటి చోట తగిలితే సున్నా. మొత్తం 250. పాస్ కావాలంటే 175, అంటే 70 శాతం.

ఈ లెక్క చాలామంది కూర్చుని వెయ్యరు. మనవాళ్లం ఎంసెట్ కటాఫ్‌లు పెట్టుకుని బతికినవాళ్లం, ఇది కూడా ఒకసారి వేద్దాం. 8వ వలయం ఎంత పెద్దదో తెలుసా? వెడల్పు అడుగు, ఎత్తు అడుగున్నర. మూడు గజాల నుంచి ఆ పెట్టెలో 20 తూటాలూ పడితే 100 మార్కులు. ఏడు గజాల దగ్గర మొదటి పదిహేనూ అందులోనే పడితే ఇంకో 75. మొత్తం 175. అంటే ముప్పై అయిదో తూటాకే మీరు పాస్, పదిహేను గజాల గీత దగ్గరికి వెళ్లకముందే. ఇంకోలా చూడండి. మూడు గజాల దగ్గర వంద తెచ్చుకున్నారు, ఆ తర్వాత ముప్పై తూటాలూ వలయాల బయట, నల్ల ఆకారం అంచుల్లో ఎక్కడో తగిలాయి. ఒక్కోటి మూడు చొప్పున 90. మొత్తం 190, పాసే. ఇంకా ఒక అయిదు తూటాలు గాల్లోకి పోయినా కరెక్ట్‌గా 175.

అందుకే చెబుతున్నాను, పదిహేను గజాల గురించి రాత్రుళ్లు నిద్ర పాడుచేసుకోకండి. మార్కులన్నీ దగ్గరలోనే ఉన్నాయి. ప్రాక్టీస్‌కి రేంజ్‌కి వెళ్లి టార్గెట్‌ని నేరుగా చివరికి పంపించే తమ్ముళ్లని చూస్తుంటాను. గోడకి తగిలిందా, పైకప్పుకి తగిలిందా కూడా తెలీదు. ముందు మూడు గజాల దగ్గర నిలబడండి. బోర్ కొట్టేదాకా అక్కడే కాల్చండి.

మరి ఇంత సులువైతే తప్పేవాళ్లు ఎందుకు తప్పుతారు? కళ్లు బాగోకా? చేతులు వణికా? కాదు. ఎక్కువమందిది ఒకటే జబ్బు. పేలబోతోందని శరీరానికి ముందే తెలుసు. ట్రిగ్గర్ నొక్కే క్షణంలో చెయ్యి ముందుగానే కిందికి తోస్తుంది, దెబ్బని ఆపాలని. కుడిచేతివాళ్లకి తూటాలన్నీ కిందికి, ఎడమకి పోతాయి. వాళ్లు "మేడం, ఈ పిస్టల్ సైట్స్ సరిగా లేవు" అంటారు. సైట్స్ అంటే గురి చూసుకోవడానికి పిస్టల్ పైన ముందూ వెనకా ఉండే చిన్న గుర్తులు. నేను తీసుకుని అదే పిస్టల్‌తో మధ్యలో కాల్చి ఇస్తే కాసేపు మౌనం. [నవ్వులు] సైట్స్ దోషం నూటికి ఒక్కసారి ఉండొచ్చేమో.

దీనికి మందు తూటాలు ఎక్కువ కాల్చడం కాదు. ఆ జబ్బుతోనే ఎక్కువ కాలిస్తే ఆ జబ్బే ముదురుతుంది. ప్లాస్టిక్ డమ్మీ తూటాలు దొరుకుతాయి. మీ పక్కవాళ్లని మ్యాగజైన్‌లో నిజం తూటాల మధ్య రెండు మూడు డమ్మీలు మీకు తెలీకుండా కలపమనండి. డమ్మీ వచ్చినప్పుడు పేలదు, కానీ మీ పిస్టల్ ముక్కు దభీమని కిందికి వాలుతుంది. అప్పుడు మీ కళ్లతో మీరే చూస్తారు, నేను నోటితో ఎన్నిసార్లు చెప్పినా నమ్మనిది. తర్వాత ఇంట్లో ఖాళీ పిస్టల్‌తో సాధన. తూటాలన్నీ వేరే గదిలో పెట్టి, చాంబర్, అంటే తూటా కూర్చునే గొట్టం, ఖాళీగా ఉందని కంటితో చూసి, వేలితో తడిమి, తలుపేసుకుని, మనుషులెవరూ లేని వైపు గోడకి పెట్టి. పిస్టల్ కొసన ఉండే ముందు సైట్ మీద ఒక డైమ్ నాణెం నిలబెట్టి అది పడకుండా ట్రిగ్గర్ నొక్కడం నేర్చుకోండి. రోజూ పది నిమిషాలు. పైసా ఖర్చు లేదు, చప్పుడు లేదు, పక్కింటివాళ్లకి ఇబ్బంది లేదు.

ఇక కళ్లు. అర్జునుడికి పక్షి కన్ను ఒక్కటే కనిపించిందని చిన్నప్పుడు అందరం విన్నాం. పిస్టల్ దగ్గర అది తిరగబడుతుంది: పక్షి మసకగా కనబడాలి, బాణం కొన స్పష్టంగా కనబడాలి. మన కన్ను ఒకేసారి ఒక దూరాన్నే స్పష్టంగా చూడగలదు. ఆ స్పష్టత ముందు సైట్ మీద పెట్టాలి. టార్గెట్ నల్లటి మచ్చలా ఉన్నా చాలు. ప్రతి తూటాకీ తలెత్తి ఎక్కడ తగిలిందో చూసుకునేవాళ్లు ఉన్నారు, పరీక్షలో పక్కవాడి పేపర్‌లోకి తొంగిచూసినట్టు. చూడకండి. చిల్లు ఎక్కడికీ పారిపోదు, అక్కడే ఉంటుంది.

నలభై దాటిన అన్నయ్యలకి, అక్కయ్యలకి ఇక్కడ ఒక సమస్య ఉంది. ప్రోగ్రెసివ్ కళ్లజోడు. దగ్గర చూసే అద్దం కింది భాగంలో ఉంటుంది కాబట్టి ముందు సైట్ కనబడాలని గడ్డం పైకెత్తుతారు. గడ్డం లేస్తే మెడ వెనక్కి వాలుతుంది, భుజాలు వెనక్కి పోతాయి, ప్రతి తూటాకీ మనిషి ఒక అడుగు వెనక్కి. కంటి డాక్టరుకి చెయ్యి చాచి చూపించి, "ఈ దూరానికి మాత్రమే కనబడేలా ఒక జత ఇవ్వండి" అని అడగండి. చవగ్గా అయిపోతుంది. దీని గురించి చెప్పే ఇన్‌స్ట్రక్టర్లు తక్కువ, ఎందుకో మరి.

పరీక్షకి ఏ పిస్టల్ తీసుకెళ్లాలి? చాలామంది జేబులో దాచుకోవడానికి బాగుంటుందని అరచేతిలో ఇమిడేంత బుల్లి పిస్టల్ కొంటారు, దాంతోనే పరీక్షకి వస్తారు. పిస్టల్ ఎంత చిన్నదైతే అంత ఎగురుతుంది, పట్టు అంత తక్కువ దొరుకుతుంది. పరీక్షకి మధ్యరకం లేదా పూర్తి సైజు 9 ఎంఎం తెచ్చుకోండి. గ్లాక్ 19 లాంటివి రేంజ్‌లోనే అద్దెకి దొరుకుతాయి. ఏ పిస్టల్‌తో పరీక్ష రాశారో దాన్నే మోయాలన్న రూల్ లేదు. ఒకప్పుడు రివాల్వర్‌తో పాసైతే సెమీ ఆటోమేటిక్ మోయడానికి వీల్లేదనేవారు, 2013లో అదీ పోయింది. తూటాలు 115 గ్రెయిన్ బరువున్న మామూలు ఫుల్ మెటల్ జాకెట్‌వి, అంటే లోహపు తొడుగున్నవి, చాలు, ఖరీదైన హాలో పాయింట్లు కాగితం మీద వృథా చెయ్యకండి. యాభై కాదు, వంద తెచ్చుకోండి, ముందు చెయ్యి వేడెక్కాలి.

ఆడవాళ్లతో రెండు మాటలు. స్లైడ్, అంటే పిస్టల్ పైన వెనక్కి జరిగే భాగం, లాగడం రావట్లేదని చాలామంది చిన్నబుచ్చుకుంటారు. బలం చాలక కాదు. పిస్టల్‌ని దూరంగా పట్టుకుని ఒక చేత్తో లాగుతున్నారు కాబట్టి. ఒంటికి దగ్గరగా తెచ్చుకోండి, ముక్కు టార్గెట్ వైపే ఉంచండి, స్లైడ్‌ని పైనుంచి గుప్పిట్లో పట్టుకుని ఆపి, పిస్టల్‌నే ముందుకి తొయ్యండి. వచ్చేస్తుంది. రెండోది బట్టలు. కాల్చిన తూటా ఖాళీ తొడుగు సలసల కాగుతూ ఎగిరి వచ్చి వెడల్పు మెడలోంచి లోపల పడిందంటే మనిషి గెంతుతుంది. నవ్వుతున్నారు గానీ, ఆ గెంతులో చేతిలో పిస్టల్ ఎటు తిరుగుతుందో ఆలోచించండి. గుండీలు మెడదాకా పెట్టుకునే చొక్కా, టోపీ, ముందు మూసి ఉండే బూట్లు. ఇక ఈ హాల్లో ఉన్న భర్తలకి ఒక విన్నపం: మీ ఆవిడ కాలుస్తుంటే వెనక నిలబడి సలహాలు ఇవ్వకండి. కారు డ్రైవింగ్ నేర్పినప్పుడు ఇంట్లో ఏమైందో గుర్తుంది కదా. [చప్పట్లు, ఆడవాళ్ల వైపు నుంచి]

ఇందాక వినడం గురించి తర్వాత చెబుతానన్నాను. 120 మార్కులకి కాల్చినవాళ్లు మళ్లీ వచ్చి పాసవుతారు. నేను ఇంటికి పంపించేది వాళ్లని కాదు. "సీజ్ ఫైర్", అంటే కాల్చడం ఆపండి, అన్న తర్వాత కూడా ఇంకొకటి పేల్చినవాళ్లని. పిస్టల్ చేతిలో పెట్టుకుని "మేడం, ఇది జామ్ అయింది చూడండి" అంటూ నా వైపు తిరిగినవాళ్లని. ట్రిగ్గర్ మీద వేలు పెట్టుకుని కబుర్లు చెప్పేవాళ్లని. మెరీన్స్‌లో పనిచేసిన జెఫ్ కూపర్ పేరు మీద నాలుగు నియమాలు ప్రపంచమంతా చెప్పుకుంటారు: ప్రతి తుపాకీలోనూ తూటా ఉందనే అనుకో, చంపడానికి సిద్ధపడని దేని వైపూ ముక్కు తిప్పకు, సైట్స్ టార్గెట్ మీదకి వచ్చేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకు, నీ టార్గెట్ ఏమిటో దాని వెనకేముందో తెలుసుకో. జామ్ అయితే పిస్టల్ ముక్కు ముందుకే ఉంచి, ఖాళీగా ఉన్న చెయ్యి పైకెత్తండి. నేనే వస్తాను. మన పిల్లలకి ప్రశ్న ఉంటే చెయ్యెత్తమని నేర్పిస్తాం కదా, మనమూ ఎత్తుదాం.

ఇక నేను ఇవాళ చెప్పాలనుకున్న అసలు సంగతికి వస్తున్నాను. ఈ పరీక్ష మీరు పాసవుతారు. అదే నా భయం కూడా.

ఇది ఏం అడగదో చూడండి. తుపాకీని దుస్తుల కింద నుంచి తియ్యమని అడగదు, చేతిలో పట్టుకుని సిద్ధంగా ఉన్న స్థితి నుంచే మొదలవుతుంది. నిజంగా అవసరం పడ్డ రోజున చొక్కా లేపి, పట్టు దొరకబుచ్చుకుని తియ్యడానికే సమయమంతా పోతుంది, అదే అత్యంత ప్రమాదకరమైన కదలిక కూడా. కదలమని అడగదు. చీకట్లో కాల్చమని అడగదు. పక్కన పిల్లాడు ఏడుస్తుండగా కాల్చమని అడగదు. అన్నిటికంటే ముఖ్యంగా, కాల్చాలా వద్దా అని అడగదు. "ఫైర్" అని నేను అరుస్తాను, మీరు కాలుస్తారు. బయట పార్కింగ్ లాట్‌లో ఆ మాట అనేవాళ్లు ఉండరు. ఆ నిర్ణయం ఎప్పుడు న్యాయబద్ధమో టెక్సాస్ పీనల్ కోడ్ తొమ్మిదో అధ్యాయంలో ఉంటుంది. ఆన్‌లైన్ క్లాస్‌లో ఆ భాగం వచ్చినప్పుడు ఇంకో ట్యాబ్‌లో టీమ్స్ మీటింగ్ పెట్టుకుంటున్నారని నాకు తెలుసు. వద్దు. 50 తూటాల కంటే ఆ గంట ముఖ్యం.

ఇంకోటి. ఒకసారి పాసయ్యాక రాష్ట్రం మిమ్మల్ని మళ్లీ కాల్చి చూపించమనదు. మొదటి లైసెన్స్ 4 ఏళ్లు, రెన్యువల్ చేస్తే 5 ఏళ్లు, అలా పోతూనే ఉంటుంది. యాభై ఏళ్లప్పుడు పాసైన మనిషి డెబ్బై ఏళ్లకి ఆ కార్డుతోనే తిరగొచ్చు. చట్టం అడగడం మానేసిందని మీరూ మానేయకండి. ఏడాదికి కనీసం రెండుసార్లు ఇదే 50 తూటాల పరీక్ష మీకు మీరే పెట్టుకోండి, ఈసారి మీరు రోజూ మోసే ఆ బుల్లి పిస్టల్‌తో.

వేరే రాష్ట్రాల్లో బంధువులున్నవాళ్లు అడుగుతుంటారు. ఇల్లినాయిలో 30 తూటాలు, 5, 7, 10 గజాల నుంచి పదేసి, 70 శాతం తగలాలి. న్యూయార్క్ ఇంకో వింత. 2022 జూన్‌లో సుప్రీంకోర్టు బ్రూయెన్ అనే కేసులో తీర్పు ఇచ్చి వాళ్ల పాత లైసెన్స్ పద్ధతిని కొట్టేశాక, 16 గంటల క్లాసు, 2 గంటల రేంజ్ శిక్షణ పెట్టారు. అంతా అయ్యాక కాల్చాల్సింది 4 గజాల నుంచి 5 తూటాలు, 4 తగిలితే చాలు. పద్దెనిమిది గంటలు చదివించి అయిదు మార్కుల ప్రశ్న ఇచ్చారు! కాకపోతే, క్లాసులో అన్ని గంటలు కూర్చోబెట్టడాన్ని నేను తప్పుపట్టను.

ఇంటి సంగతి చెప్పి ముగిస్తాను. పదిహేడేళ్ల లోపు పిల్లల చేతికి అందేలా తూటాలున్న తుపాకీ పెట్టడం టెక్సాస్‌లో నేరం. మన ఇళ్లలో అమ్మమ్మలు, తాతయ్యలు ఆరునెలలు వచ్చి ఉంటారు, అల్మరాలు సర్దుతారు, పరుపుల కింద చూస్తారు. ఇంట్లో తుపాకీ ఉందని, అది ఏ సేఫ్‌లో ఉందో, దాని జోలికి వెళ్లొద్దని వాళ్లకి చెప్పండి. చెప్పడానికి మొహమాటంగా ఉంటే, కొనే ముందే ఆ మొహమాటం గురించి ఆలోచించండి. రేంజ్ నుంచి ఇంటికి వచ్చాక చేతులు సబ్బుతో బాగా కడిగి, బట్టలు మార్చుకున్నాకే పిల్లల్ని ఎత్తుకోండి, చేతులకీ బట్టలకీ సీసం అంటుకుని ఉంటుంది. గర్భంతో ఉన్నవాళ్లు రేంజ్‌కి రాకపోవడమే మంచిది. గుడికి వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర 30.06, 30.07 అని బోర్డులున్నాయేమో చూడండి. ఉంటే తుపాకీతో లోపలికి వెళ్లకూడదు, లైసెన్స్ ఉన్నా సరే. ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న (ముందు వరసలోని ఒక పెద్దాయన): అమ్మా, నేను సిటిజన్‌నే. డెబ్బైకి దగ్గరపడ్డాను, చేతులు కాస్త వణుకుతాయి. నాకు కుదురుతుందా?

కుదురుతుంది బాబాయ్ గారూ. సైట్ కదలకుండా నిలబెట్టగలిగినవాళ్లు ఎవరూ లేరు, అందరి చేతుల్లోనూ ఊగుతుంది. అది అడుగు వెడల్పు పెట్టెలో ఊగితే చాలు. ఊపు ఆగే క్షణం కోసం ఎదురుచూసి ట్రిగ్గర్‌ని గబుక్కున లాగేస్తారే, అదే కొంప ముంచుతుంది. ఊగుతుండగానే మెల్లగా నొక్కండి. ఇంకో సౌకర్యం కూడా ఉంది. ఒకప్పుడు .32 కంటే చిన్న కాలిబర్‌తో, అంటే అంతకంటే సన్నటి తూటాతో, పరీక్ష ఒప్పుకునేవాళ్లు కాదు. 2017లో ఆ నిబంధన తీసేశారు. .22 పిస్టల్‌తో రావచ్చు, దానికి ఎగరడమనేదే దాదాపు ఉండదు. వచ్చేటప్పుడు చెవులకి లోపల ప్లగ్స్, పైన మఫ్స్, రెండూ పెట్టుకోండి. పిస్టల్ చప్పుడు దాదాపు 160 డెసిబెల్స్ ఉంటుంది, ఉన్న వినికిడి కాపాడుకోవాలి కదా.

ప్రశ్న (ఒక మహిళ): అక్కా, మాకు గ్యాస్ స్టేషన్ ఉంది. రాత్రి కౌంటర్‌లో మా బంధువుల అబ్బాయి ఉంటాడు, స్టూడెంట్. కౌంటర్ కింద ఒక పిస్టల్ పెడితే తప్పా?

మీ సొంత స్టోర్‌లో మీరు పెట్టుకోవడానికి లైసెన్స్ కూడా అక్కర్లేదమ్మా. కానీ ఆ అబ్బాయి ఎఫ్1 మీద ఉంటే వాడి చేతికి అందేలా పెట్టకండి. అది వాడికి నేరం, తెలిసి ఇచ్చినందుకు మీకూ నేరం. వాడు దొంగని ఆపినా సరే, తెల్లారేసరికి వాడి చదువూ వీసా రెండూ పోతాయి. వాడు అసలు అక్కడ పనిచెయ్యొచ్చా అన్నది ఇంకో ప్రశ్న, దాన్ని నేను ఇక్కడ అడగను. [నవ్వులు] కెమెరాలు పెంచండి, గల్లాలో డబ్బు తక్కువ ఉంచండి, అడిగితే ఇచ్చేయమని వాడికి చెప్పండి.

ప్రశ్న (వెనక నుంచి ఒక యువకుడు): అక్కా, ఇండియా వెళ్లేటప్పుడు ఏమైనా జాగ్రత్తలున్నాయా?

చాలా మంచి ప్రశ్న తమ్ముడూ, ఇది నేనే చెప్పాల్సింది. రేంజ్‌కి తీసుకెళ్లిన బ్యాగ్‌ని ప్రయాణానికి వాడకండి. ఏదో ఒక జిప్ అరలో ఒక్క తూటా మిగిలిపోతుంది, ఇక్కడ స్కానర్‌లో తప్పించుకున్నా శంషాబాద్‌లోనో ఢిల్లీలోనో దొరుకుతుంది. అక్కడ ఆయుధాల చట్టం కింద ఒక్క తూటాకి కూడా కేసు పెడతారు. ఇలా ఇరుక్కున్న ఎన్నారైల వార్తలు పేపర్లలో వస్తూనే ఉంటాయి. తెలీకుండా ఉండిపోయిందని తేలితే హైకోర్టులు కేసులు కొట్టేసిన సందర్భాలు చాలానే ఉన్నాయి, కానీ ఈలోగా పాస్‌పోర్ట్, సెలవు, పెళ్లి ముహూర్తం అన్నీ పోతాయి. మీ టెక్సాస్ లైసెన్స్ అక్కడ చిత్తుకాగితంతో సమానం. రేంజ్‌కంటూ ఒక బ్యాగ్ వేరే కొనుక్కుని, దాన్ని గరాజ్ దాటి లోపలికి రానివ్వకండి. జీన్స్ జేబులు, జాకెట్ జేబులు కూడా ఊరెళ్లే ముందు తిరగేసి చూడండి.